గోడ అద్దెకు ఇవ్వబడును

మా సముద్రతీర పట్టణంలో గోడల కొరత తీవ్రంగా ఉన్నందున, కొత్తగా వచ్చి కాపురం పెట్టదలచిన ఉద్యోగులు తమ గోడలను తామే వెంట తెచ్చుకోవలసిందిగా పురపాలక సంఘం సవినయంగా మనవి చేస్తోంది. సముద్రం మాత్రం కావలసినంత ఉంది. అడిగేవారే లేరు.

విషయం తెలియనివారు కంగారు పడనక్కర్లేదు. మాది సర్ఫింగ్‌కు పేరుమోసిన ఊరు. ఏడాది పొడుగునా ఎండ, ఒడ్డు వెంబడి కొబ్బరిచెట్లు, బోర్డు మీద నిలబడి స్వారీ చేయడానికి అనువైన పొడుగాటి అలలు. ఆఫీసుకు రానక్కర్లేదని కంపెనీలు చెప్పిన మర్నాటి నుంచీ జనం లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని మా ఊరిమీద వచ్చిపడ్డారు. కంపెనీలు అన్నది "ఇంటినుంచి పనిచేయండి" అని. వీళ్ళు విన్నది "ఎక్కడినుంచైనా" అని. ఈ చిన్న తేడా మీదే మా ఊళ్ళో సగం కుటుంబాలు బతుకుతున్నాయి.

ఎలాగో చెబుతాం. ఇతర కంపెనీలకు క్రమశిక్షణ మీద సలహాలు అమ్మే ఒక కంపెనీ ఉంది. అది తన సిబ్బందికి ఒక ఉత్తర్వు పంపింది. "ఇల్లు అనగా ఉద్యోగి వీపు వెనక గోడ కలిగిన ప్రదేశము. మీటింగులో గోడ కనిపించని ఉద్యోగి ఇంట లేనట్టే భావించబడును. ఇంట లేని ఉద్యోగి ఉద్యోగంలోనూ లేనట్టే భావించబడును." మిగతా కంపెనీలు కూడా ఈ నిర్వచనం ముచ్చటపడి తీసుకున్నాయి.

అంతే, మా ఊళ్ళో కిటికీల పని అయిపోయింది. మూడు వైపులా సముద్రం కనిపించే గదులు ఖాళీగా పడి ఉన్నాయి. వెనక సందులో ఒకప్పుడు వలలు దాచుకున్న చీకటి కొట్లకు మాత్రం గిరాకీ చెప్పనలవి కాదు. ఇళ్ళవాళ్ళు రకరకాల గోడలు సిద్ధం చేశారు. స్విచ్‌బోర్డు ఉన్న గోడ, పాత క్యాలెండర్ ఉన్న గోడ, పిల్లలు పెన్సిలుతో గీతలు గీసిన సంసారపక్షపు గోడ. మా ఉప్పుగాలికి చెమ్మ మరక దానంతటదే వస్తుంది కాబట్టి అది ఉచితం. వీధివీధికీ "గోడ అద్దెకు ఇవ్వబడును" అని బోర్డులు లేచాయి. కింద చిన్న అక్షరాలతో "సముద్రం కనిపించదని హామీ" అని కూడా ఉంటుంది.

మనవాడు వచ్చింది ఇలాంటి రోజుల్లోనే. పైన చెప్పిన క్రమశిక్షణ కంపెనీలోనే ఉద్యోగి. ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చుని కూర్చుని కుర్చీ ఆకారానికి వచ్చేసిన మనిషి. అతనికి జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. ఒక్క అల మీద, ఒక్కసారి, సొంత కాళ్ళమీద నిలబడాలి. ఈ మాట అతను మూటాముల్లే దించకముందే భార్యకు చెప్పాడు.

"ఒక్క అల. ఒక్కటంటే ఒక్కటి. గాలి మారేలోపు నిలబడి చూపిస్తాను చూడు."

"గాలి మారితే?" అందావిడ.

"అలలు ఉండవట. మళ్ళీ వచ్చే ఏడే."

అలల కాలమంతా ముందే ఉంది కదా అని ఆవిడ నమ్మింది. మేమూ నమ్మాం.

అయితే అలలు బాగుండేది పొద్దున. పొద్దున మీటింగు. సాయంత్రం కూడా బాగుంటాయి. సాయంత్రం, పొద్దున మీటింగులో ఏమనుకున్నామో గుర్తు చేసుకునే మీటింగు. ఆదివారం "ఇష్టమైనవారు మాత్రమే రావలసిన" మీటింగు ఉండేది. దానికి ఎవరెవరికి ఇష్టం లేదో పెద్దసారు స్వయంగా గమనించేవారు. పెద్దసారంటే కంపెనీ యజమాని. ఒడ్డుకు వెళ్ళే తీరిక లేక మనవాడు సర్ఫింగ్ బోర్డు కొనుక్కొచ్చి గదిలో గచ్చుమీద పెట్టాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, దాని మీద నిలబడే మీటింగులకు హాజరయ్యేవాడు. తెరమీద నడుం నుంచి పైకే కనిపిస్తుంది కనుక అందరికీ అతను మహా నిబ్బరంగా నిలబడిన ఉద్యోగిలా కనిపించాడు. "చూడండి, ఆ నిలకడ చూడండి!" అని పెద్దసారు రెండుసార్లు మెచ్చుకున్నారు.

నేర్పే మాస్టారు మా ఊళ్ళో ఉన్నారు. కానీ ఆయనా నీళ్ళలో దిగడం మానేశారు. సముద్రంలేని ఊళ్ళవాళ్ళకు ఆన్‌లైన్‌లో సర్ఫింగ్ నేర్పడంలో ఆయనకు ఊపిరి సలపడం లేదు. వెనక సముద్రం ఉండగానే సముద్రం ఫోటో పెట్టుకుంటారు. అసలు సముద్రం కెమెరాలో నమ్మేటట్టు లేదట. మనవాడు ఆయన ఇంటికి కూతవేటు దూరంలో ఉంటూ ఆయన దగ్గర ఆన్‌లైన్‌లోనే నేర్చుకున్నాడు. మధ్యమధ్య సిగ్నలు పోతుంటే మాస్టారు లేచి కిటికీలోంచి కేకేసి చెప్పేవారు.

ఇంతలో మనవాడి అత్తగారు నాలుగు రోజులుండి పోదామని వచ్చారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. నీళ్ళలో నడవమని డాక్టరు చెప్పాడు. ఆవిడ మొదటి వారం నీళ్ళలో నడిచారు. రెండో వారం నుంచి నీళ్ళమీద నడుస్తున్నారు. అల్లుడు మీటింగులో దిగగానే బోర్డు లాక్కుని వెళ్ళిపోయేవారు. అల్లుడు ఆ పూటకి చాపమీద నిలబడేవాడు. "మీ అమ్మ మీద నాకెంత గౌరవం ఉందో చెప్పలేను, కానీ ఆ బోర్డు నాది" అని భార్యతో అన్నాడట. "అయితే తడిపి చూపించండి" అందట ఆవిడ.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. గోడ సముద్రాన్ని దాస్తుంది గానీ దాని నోరు మూయించలేదు. ఒకరోజు మీటింగు నడుస్తుండగా మేనేజరు మేడం ఆపి అడిగారు.

"మీ వెనకాల ఏంటండీ ఆ హోరు?"

మనవాడు నీళ్ళు నమిలాడు. "ఏసీ మేడం. పాతది."

"మరి ఆగి ఆగి వస్తోందే?"

"పాతది కదా మేడం. ఆయాసం."

మేడం ఒక్క క్షణం ఆలోచించి, "మాదీ అంతేలెండి" అన్నారు. వెంటనే లెక్కలు చూసే ఆయన కూడా, "మాదైతే ఒక్కోసారి పెద్దగా దభీమంటుంది" అని గొంతు కలిపాడు. వారం తిరిగేసరికి కంపెనీలో ఆయాసం లేని ఏసీ లేకుండా పోయింది.

పెద్దసారు చలించిపోయారు. "మన సిబ్బంది ఇంతటి పాత ఏసీల కింద ఇంతటి త్యాగం చేస్తున్నారని నాకు తెలియదు. నా ఇంట్లోదీ అలాంటిదే గనుక ఆ బాధ నాకు తెలుసు" అని గద్గదంగా ప్రసంగించారు. ఆ త్యాగాన్ని కొలవడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ లోతుగా ఆలోచించి ఒక పరీక్ష ప్రకటించింది. నిర్ణయించిన రోజున అందరూ ఒకేసారి ఏసీలు ఆపాలి. ఎవరూ మైకు మూయకూడదు. అప్పుడూ ఎవరి వెనక హోరు వినిపిస్తుందో వారి ఇల్లు ఇల్లు కాదని, వారి ఉద్యోగం ఉద్యోగం కాదని తేలుతుంది.

కొంప మునిగింది. సముద్రాన్ని ఆపే మీట కోసం మా ఊళ్ళో చాలామంది ఆ వారమంతా వెతికారు.

పరీక్ష రోజు పొద్దున్నే అత్తగారు గుమ్మంలో నిలబడి బొట్లుబొట్లుగా నీళ్ళోడుతూ కబురు చెప్పారు. "అల్లుడుగారూ, రేపట్నుంచి గాలి మారుతుందంట. ఇవాళ అలలు చూడాలి, ఒక్కోటీ ఇంతింత! ఇవాళ రాకపోతే ఇంక ఈ ఏటికి లేనట్టే."

"అత్తయ్యా, ఇవాళ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలే రోజు."

"అది మధ్యాహ్నం తేల్చుకోవచ్చుగా?"

ఆవిడెప్పుడూ ఉద్యోగం చేయలేదు కనుక ఆ ప్రశ్నను మనం మన్నించాలి. బోర్డెత్తుకుని వెళ్ళిపోయారు.

మీటింగు మొదలైంది. పెద్దసారు పుస్తకాల అలమరలున్న గంభీరమైన గోడ ముందు కూర్చుని, "ఏసీలు ఆపండి" అని ఆజ్ఞాపించారు. అందరూ చెయ్యి చాపి ఏదో నొక్కినట్టు నటించారు. హోరు ఆగలేదు. ఆగకపోగా, అందరి వెనకా ఒకేసారి లేచి, ఒకేసారి విరిగి, ఒకేసారి వెనక్కి పోయింది. పెద్దసారు విననట్టే ఉపన్యాసం అందుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఒడ్డున ఐసుబండి ఆయన బయల్దేరాడు. ఆయన కేక మా ఊరందరికీ తెలిసిందే. "కరిగిపోతోందీ... కరిగిపోతోందీ!" అది ముందు లెక్కలాయన కిటికీలో వినిపించింది. లెక్కలాయన దగ్గాడు. కాసేపటికి మనవాడి కిటికీలో వినిపించింది. మనవాడూ దగ్గాడు. తర్వాత మేడం కిటికీ కిందికి చేరింది. మేడం ఏకంగా తుమ్మారు. "మన కంపెనీకి పునాది అయిన క్రమశిక్షణ..." అంటున్నారు పెద్దసారు. "కరిగిపోతోందీ!" అని ఆయన వెనకనుంచి స్పష్టంగా వినిపించింది.

పెద్దసారు ఉలిక్కిపడి కిటికీ మూయబోయి మోచెయ్యి గోడకు తగిలించారు. పుస్తకాలతో సహా అది అట్టగోడ. నెమ్మదిగా, మర్యాదగా, వెనక్కి పడిపోయింది. దాని వెనక సముద్రం మొత్తం ఉంది. ఆ సముద్రంలో ఒక పెద్ద అల ఉంది. ఆ అలమీద చెంగు బిగించి, చేతులు చాచి, ఒక పెద్దావిడ నిలబడి వస్తోంది.

"అత్తయ్యా!" అని అరిచాడు మనవాడు.

అరిచాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"ఆవిడ మీ అత్తగారా?" అన్నారు మేడం. "రోజూ మా కిటికీ ముందునుంచే వెళ్తుంటారే!" అని, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"మా ఆవిడక్కూడా ఆవిడే నేర్పుతున్నారు" అన్నాడు లెక్కలాయన. ఇక దాచి లాభంలేదని అతనికి తోచినట్టుంది.

తర్వాత పెద్దసారు నవ్వారు. ఆ నవ్వు చూసి అందరూ నవ్వారు. "మనమంతా ఒకే కుటుంబం, ఒకే ఊరు, ఒకే ఒడ్డు! ఇక దాపరికాలు వద్దు!" అని ఆయన చేతులు చాచారు. మనవాడు ఆ మాట పూర్తయ్యేదాకా కూడా ఆగలేదు. వేసుకున్న చొక్కాతోనే ఒడ్డుకు పరుగెత్తాడు. అత్తగారు ఎదురొచ్చి బోర్డు చేతికిచ్చారు. ఊరికి వచ్చాక మొదటిసారి అతని పాదాలు తడిశాయి. మాకందరికీ, దాచడమెందుకు, కళ్ళు చెమర్చాయి.

దూరంగా మంచి అల ఒకటి లేచింది. అప్పుడే జేబులో ఫోను మోగింది.

"తియ్యకండి! అల వస్తోంది, ఎక్కండి!" అరిచారు అత్తగారు.

"ఒక్క నిమిషం అత్తయ్యా."

అలకు ఆ నిమిషం లేదు. వచ్చింది, అతని మోకాళ్ళు తడిపింది, వెళ్ళిపోయింది. ఫోనులో పెద్దసారి తాజా ఉత్తర్వు ఉంది. "మనమందరం ఒకే ఊళ్ళో ఉన్నట్టు నేడు ఆనందకరంగా రుజువైనందున, ఇకపై దూరంనుంచి పనిచేయవలసిన అవసరం కనిపించడం లేదు. అందరూ వెంటనే ఆఫీసుకు హాజరు కావలెను."

మర్నాడు గాలి మారింది.

ఇప్పుడు ఆ ఆఫీసు మా పాత ఐసు గిడ్డంగిలో దివ్యంగా నడుస్తోంది. నాలుగు వైపులా గోడలే, ఒక్క కిటికీ లేదు. ఏసీ సరికొత్తది, చప్పుడే చేయదు. చప్పుడు లేకపోతే పని సాగడం లేదని సిబ్బంది మొరపెట్టుకుంటే, పెద్దసారు స్పీకర్లు పెట్టించి సముద్రపు హోరు వినిపిస్తున్నారు. మనవాడికి పెద్ద పదవి వచ్చింది. అతని బోర్డును ఆఫీసు ముందుగదిలో నిలబెట్టి, కింద "నిలకడ" అని రాయించారు. అత్తగారు ఇంకో బోర్డు తెచ్చుకున్నారు. నాలుగు రోజులుండి పోదామని వచ్చినావిడ ఇంకా ఆ నాలుగు రోజుల్లోనే ఉన్నారు.

మనవాడు అప్పుడప్పుడు మాకు ఎదురై, "వచ్చే ఏడు చూడండి" అంటుంటాడు. మేము తప్పకుండా చూస్తామని చెబుతాం.

ఇదంతా చదివి మీరు నవ్వుకుంటున్నారు, సంతోషం. మీరు కూడా దేనికో, ఎవరికో, చాలా ఏళ్ళుగా "ఒక్క నిమిషం" అంటున్నట్టు మా చెవిన పడింది. మా ఊళ్ళో ఇప్పుడు గోడలు చాలా ఖాళీ అయ్యాయి. స్విచ్‌బోర్డుదా, క్యాలెండరుదా, మీకు ఎలాంటిది కావాలో చెప్పండి. చెమ్మ మరక ఉచితం.