నిల్వ పెట్టిన పెట్రోలు

మట్టెవాడలో సారంగపాణి ఇల్లెక్కడని అడిగితే ఏ సారంగపాణి అని ఎదురు ప్రశ్న వేస్తారు. మిర్చి సారంగపాణి అంటే మాత్రం చెయ్యి పట్టుకుని వాకిట్లో దింపి వస్తారు. మార్కెట్లో బస్తాలో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని రేటు చెప్పగలడాయన. కోల్డ్ స్టోరేజీలో సరుకు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. చివరికి ఆ తెలివే ఆయన్ని ముంచింది.

ఆయన ఆర్నెల్ల కింద ఒక పెద్ద బండి కొన్నాడు. ఏడు సీట్లు, రెండు పొట్టలు. ఒక పొట్ట కరెంటు తాగుతుంది, రెండోది పెట్రోలు తాగుతుంది. షోరూమ్ వాళ్లు దాన్ని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అన్నారు. రాత్రి గోడకు తగిలిస్తే మర్నాడు వర్ధన్నపేట పోయి రావడానికి సరిపడా కరెంటు నింపుకుంటుంది. అది అయిపోతే పెట్రోలు ఇంజిను అందుకుంటుంది. మామూలు బండి కంటే ధర చాలా ఎక్కువ. ఆ ఎక్కువైనదాన్ని తిరిగి రాబట్టడమే ఆ రోజు నుంచి సారంగపాణి జీవిత లక్ష్యం.

అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. పెట్రోలు అసలు ముట్టుకోకపోవడం.

ధర పెరగబోతుందని ఎవరో చెబితే, బండి కొన్న రోజే ట్యాంకు మూతి దాకా నింపించాడు. దాన్ని ఖర్చు కింద కాక సరుకు కింద జమ కట్టుకున్నాడు. రేటు పెరిగినప్పుడల్లా తన ట్యాంకు విలువ పెరిగిందని కొట్టు ముందు టీ తాగుతూ తోటి వ్యాపారులకు చెప్పేవాడు. అమ్ముతావా మరి అని వాళ్లు నవ్వితే, ఇంకా మంచి రేటు రానీ అనేవాడు.

బండి కరెంటు తాగుతున్నంత సేపు ఇంట్లో ఏసీ బంద్, గీజరు బంద్, మిక్సీ బంద్. ఆయన భార్య వరలక్ష్మి చెమటలు కక్కుతూ పచ్చడి రోట్లో నూరింది. ఆమె హన్మకొండలో డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకుంది కానీ, బండి తాళం మాత్రం ఆయన జేబు దాటి రాలేదు.

"మీ కాలు బంగారమా, నా కాలు ఇనుమా?" అని అడిగిందొక రోజు.

"కాలు గాదు, లెక్క. నేను తొక్కితే కరెంటు మీద పోతది. నువ్వు తొక్కితే పెట్రోలు మీద పోతది."

"తొక్కనియ్యకుండనే ఎట్ల తెలిసింది?"

"కూరల నూనె పోసే చెయ్యి చూస్త లేనా?"

ఆ మాటకు మూడు రోజులు కూరల్లో నూనె కనబడలేదు. సారంగపాణి దాన్ని కూడా లాభం కిందే వేసుకున్నాడు.

ఎండలు ముదిరాక వర్ధన్నపేట నుంచి అత్తగారు చిలుకమ్మ కబురు పెట్టింది. బిడ్డకు ఒడిబియ్యం పోస్తామని, ఆదివారం రమ్మని. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొంగు పట్టించి ఒళ్లో బియ్యం పోసి పంపే వేడుక అది. ఆ మూట మళ్లీ అత్తింటి దేవుడి ముందు దించేదాకా నేలకు తాకకూడదని చిలుకమ్మ పట్టింపు.

కబురు విన్న పూటే సారంగపాణి మీసం దువ్వాడు.

"పోంగ రాంగ ఒక్క చుక్క పెట్రోలు కాలదు. చూస్తవా?"

"కాలితే?"

"కాలితే బండి తాళం నీదే. మళ్ల అడగ."

"ఒక్క రోజు మాట గాదు."

"ఎప్పటికి నీదే. కాలకుంటే మాత్రం నీ లైసెన్సు బీరువాల పెట్టి తాళం వెయ్యాలె."

వరలక్ష్మి కాసేపు ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టి, సరే అంది. బేరం అంత తొందరగా తెగిందంటే అవతలివాడి దగ్గర ఏదో ఖబర్ ఉన్నట్టేనని మార్కెట్లో అయితే ఆయన ఇట్టే పసిగట్టేవాడు. ఇంట్లో ఆ ముక్కు పనిచేయలేదు.

ఆదివారం బయలుదేరారు. ఏసీ వేస్తే కరెంటు తింటుంది కాబట్టి వేయలేదు. అద్దాలు దించితే గాలి బండిని వెనక్కి లాగుతుందని ఎక్కడో విన్నాడు కాబట్టి అవీ దించలేదు. పట్టుచీరలో వరలక్ష్మి ఆవిరి మీద పెట్టిన కుడుములా తయారైంది. ఇంత సొమ్ము పోసి కొన్నది ఆవిరి పట్టుకోవడానికేనా అని ఒక్కసారి అడిగి ఊరుకుంది.

ఖమ్మం రోడ్డు మీద వాళ్లను గడ్డి ట్రాక్టరు దాటిపోయింది. ఆ తర్వాత ఒక ఆటో దాటబోయి పక్కనే ఆగి, బండి ఖరాబైందా అన్నా, తాడు కట్టి గుంజాల్నా అని మర్యాదగా అడిగింది. సారంగపాణి ఎడమ చెయ్యి ఊపి పంపేశాడు. ఇంజిను మాత్రం కిక్కురుమనలేదు. ఆయనకు అదే చల్లటి గాలి.

అత్తగారింటి గడపలో బామ్మర్ది రమాకాంత్ కాళ్లకు నీళ్లు తెచ్చి నిలబడితే, బావగారు కాళ్లు కడుక్కోకుండానే ప్లగ్గు ఎక్కడుందని అడిగాడు. వంటింటి పక్కన ఉన్న ప్లగ్గులో వైరు పెట్టించాడు. పెట్టిన మరుక్షణం గారెల పిండి రుబ్బుతున్న గ్రైండరు ఆగింది. హాల్లో కూలర్లు ఆగాయి. ఒడిబియ్యానికి వచ్చిన ముత్తైదువలంతా విసనకర్రల కోసం వెతుక్కుంటూ, కొత్త బండి వైపు చూశారు.

"అల్లుడుగారూ, మీకు పెట్టుడు మా ధర్మం," అంది చిలుకమ్మ నెమ్మదిగా. "మీ బండికి గూడ పెట్టాలని మాకు తెల్వకపాయె."

వైరు పీకేశారు కానీ ఫ్యూజు కాలిపోవడంతో కరెంటు తిరిగి రాలేదు. ఎలక్ట్రీషియన్ దొరికేసరికి భోజనాల వేళ దాటింది. ఆ రోజు విస్తళ్లలో గారె పడలేదు. ముత్తైదువలు ఆ సంగతి సారంగపాణికి వినబడేటట్టే మాట్లాడుకున్నారు.

ఎంత అవమానమైనా ఆయనకు పట్టలేదు. బండి తెర మీద చూస్తే తిరిగి పోవడానికి సరిపడా కరెంటు ఉంది. మర్నాడు మట్టెవాడలో ఆ బియ్యం వండి పెట్టే విందుకని చిలుకమ్మ, రమాకాంత్ కూడా బండెక్కారు. వరలక్ష్మి ఒళ్లో బియ్యం మూటతో ముందు సీట్లో కూర్చుంది. సారంగపాణి మనసులో అప్పుడే బీరువా తలుపు తెరిచాడు.

మామునూరు దాటారో లేదో, బండి ముందు భాగంలో గుర్రుమని చప్పుడైంది. ఆర్నెల్ల నుంచి నోరు విప్పని ఇంజిను మాట్లాడింది.

సారంగపాణి బండి పక్కకు తీశాడు. తెర మీద కరెంటు ఇంకా ఉంది. మరి ఇంజిను ఎందుకు లేచింది? బరువు వల్లేనని తేల్చుకున్నాడు. రమాకాంత్‌ను దిగమన్నాడు. ఇంజిను ఆగలేదు. ఇక తప్పదని వెనక్కి తిరిగి, అత్తమ్మా, జర దిగి నాలుగడుగులు నడుస్తరా అని వినయంగా అడిగాడు. పట్టుచీర కట్టుకుని, చేతి సంచి పట్టుకుని చిలుకమ్మ రోడ్డు అంచున నడుస్తుంటే, పక్కన ఏడు సీట్ల ఖాళీ బండి ఆమె వేగంతోనే గుర్రుమంటూ వచ్చింది. పోయే బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూశారు.

ఆయన భార్య వైపు చూశాడు.

"నేను దిగ," అంది వరలక్ష్మి. "ఒడిబియ్యం నేల మీద వెడితే అమ్మ ఊకోదు."

"అస్సలు ఊకోను," అంది బయట నడుస్తున్న చిలుకమ్మ.

"అయినా బరువు గాదు," అంది వరలక్ష్మి. "పెట్రోలు పాతబడ్డది."

"పెట్రోలు పాతబడుడేంది?"

"సర్వీసు సెంటరు నుంచి అనూష అనే పిల్ల ఫోన్ చేసింది. వాళ్లు ఊకె సతాయిస్తరని మీరు షోరూముల నా నంబరు రాయించిన్రు గదా. ఆర్నెల్ల సంది చుక్క కదల్లేదట. ట్యాంకుల ఎక్కువ రోజులుంటే పెట్రోలు ఖరాబైతదట. అందుకే బండి తనంతట తానే ఇంజిను లేపి కాలుస్తదట. ఈ వారం పది రోజులల్ల లేస్తదన్నది."

"ఎన్నడు చెప్పింది?"

"మీరు పందెం కట్టిన పొద్దుగాల."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు కొనేటోనికి మిర్చిల తేమ సంగతి ముందుగాల చెప్తరా?"

రమాకాంత్ అటు తిరిగి దగ్గాడు. ఎక్కువ రోజులుంచితే మిర్చి రంగు దిగిపోతుందని ఊరందరికీ చెప్పే సారంగపాణికి, పెట్రోలుకూ వయసుంటుందని తట్టలేదు.

"ఎంతసేపు కాలుస్తది?"

"పాతది అయ్యేదాక. మూతి దాక నింపింది మీరేనాయె."

అయినా వ్యాపారి కదా, పడిపోయిన సరుకుకు కూడా ఎంతో కొంత రేటు కట్టి చూశాడు.

"అయితే ఇది ప్రయాణానికి కాలిన పెట్రోలు గాదు. పాత సరుకు వదిలించుకునుడు. ఇది ఖర్చుల కిందికి రాదు. పందెం కిందికి గూడ రాదు."

వరలక్ష్మి మెచ్చుకోలుగా తల ఊపింది. "ఒక్క చుక్క కాలదన్నరు, కాలింది. పందెం సంగతి అంతే. ఖర్చు సంగతి మాత్రం మంచిగ చెప్పిన్రు. ఈ ట్యాంకు అయ్యేదాక ఎంత తిరిగినా మనకు ఖర్చు లేనట్టే. రేపు విందు కానియ్యి, ఎల్లుండి రామప్ప గుడి. ఆ తెల్లారి లక్నవరం చెరువు. అమ్మా, ఎక్కు."

చిలుకమ్మ అప్పటికే కొడుకుతో సహా ఎక్కి తలుపు వేసుకుంది.

సారంగపాణి జేబులోంచి తాళం తీసి, చాలా పాత బస్తాను చాలా తక్కువ రేటుకు వదులుకుంటున్నవాడిలా భార్య చేతిలో పెట్టాడు. సీట్లు మారాలంటే మూట ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. నేల మీద పెట్టకూడదు.

"ఒడి పట్టుండ్రి," అంది వరలక్ష్మి.

పసుపు బియ్యం మూట ఆయన ఒళ్లోకి వచ్చింది.

"ఇన్నేండ్లకు అల్లునికి గూడ ఒడిబియ్యం పోసినం రా," అంది చిలుకమ్మ కొడుకుతో.

వరలక్ష్మి ఏసీ పూర్తిగా పెట్టింది. బండి మెత్తగా కదిలింది. ఎక్కడ ఆగాలో ముందే చూసుకుని, కుదుపు లేకుండా ఆపుతూ, ట్రాక్టర్లను దాటుతూ పోతోంది. చల్లగాలి ముఖానికి తగిలాక సారంగపాణికి ఈ బండి మంచి బండే అనిపించింది.

"ఎల్లుండి కొట్టు బంద్ వెడతనైతే," అన్నాడు మెల్లగా.

"మీరెందుకు బంద్ వెట్టుడు? సీజన్ల బేరాలు పోవు? మీరు కొట్ల ఉండుండ్రి. పాత సరుకు మేం వదిలించి వస్తం."

సారంగపాణి మూటను ఒళ్లో సర్దుకుని, ఎల్లుండికి తనకు చివరి వరుసలోనైనా ఒక సీటు మిగులుతుందేమోనని మెడ తిప్పి చూశాడు. అక్కడ రమాకాంత్ కాళ్లు చాపుకుని, అంత చల్లటి గాలిలో, నోరు తెరిచి నిద్రపోతున్నాడు.