కుడివైపు నుంచి వచ్చే ఓడ

సిద్ధార్థ్ సెలవు మీద ఇంటికొచ్చిన ఓడ ఆఫీసరు. ఆరేళ్లుగా సముద్రం మీద దేన్నీ గుద్దలేదు. అందుకే చెల్లెలు స్నేహను నాంపల్లిలో ఉద్యోగ పరీక్షకు దింపే పని తనే మీదేసుకున్నాడు. గేటు తొమ్మిదీ నలభై ఐదుకు మూస్తారు. నిమిషం ఆలస్యమైతే రెండేళ్ల చదువు గంగలో కలిసినట్టే. అబిడ్స్‌లోని ఇంటి నుంచి స్కూటర్ మీద పది నిమిషాల దారి. తొమ్మిదింటికే బయలుదేరారు.

"ఫికర్ చెయ్యకు. ఓడలను తప్పించినోనికి ఆటోలొక లెక్కనా?"

పోస్టాఫీసు దగ్గర కుడివైపు నుంచి బస్సు వచ్చింది. సిద్ధార్థ్ మర్యాదగా ఆగాడు.

"ఏందన్నా, ఆగినవ్?"

"కుడి నుంచి వచ్చే ఓడకు మనమే దారియ్యాలె. సముద్రం రూల్."

సముద్రంలో అలా గంటకో ఓడ వస్తుందేమో. అబిడ్స్‌లో బస్సు వెనక ఆటో, ఆటో వెనక ఇంకో బస్సు. పది నిమిషాలు పోయాయి. చివరికి ఒక బస్సు వెనక నుంచి దాటుదామని కుడికి తిప్పాడు. తర్వాతి మూలలోనూ కుడికే. నాలుగు మూలలు తిరిగేసరికి మళ్లీ పోస్టాఫీసు.

"గిది ఇందాక చూసినం గదా!"

"గుద్దుకోలే గదా!"

తొమ్మిదిన్నరకు స్నేహ ఒక అడ్డదారి సందు చూపించింది. అందులో ఆటో ఎదురొచ్చింది. ఓడలు ఎదురైతే రెండూ కుడికి తిరగాలి కాబట్టి సిద్ధార్థ్ కుడికి తిరిగాడు. ఆటోవాలా ఊరందరిలాగే తన ఎడమకు తిరిగాడు. ఇద్దరూ ఒకే గోడ పక్కకు చేరారు. 'నీ ఉద్దేశం తెలియట్లేదు' అని సిద్ధార్థ్ ఓడల పద్ధతిలో అయిదుసార్లు హారన్ కొట్టాడు. ఆటోవాలాకు రోషమొచ్చి పది కొట్టాడు. వెనక బండ్లు కూడా అందుకున్నాయి. సందు మూసుకుపోయింది.

"అన్నా, సముద్రంల ఎవ్వరూ తప్పుకోకుంటే ఏం జేస్తరు?" స్నేహకు ఏడుపొక్కటే తక్కువ.

"గప్పుడు ఏ రూలూ పట్టుకోని కూసోవద్దు. ఎట్ల వీలైతే గట్ల బయటపడాలె," అన్నాడు ధీమాగా.

"గా ముక్క ముందే చెప్పొద్దా!"

స్నేహ దిగి, ఆటో పక్క నుంచి దూరి, పరీక్ష సెంటర్ ముందున్న పెద్ద రోడ్డు చేరి, ఒక చెయ్యి పైకెత్తి ట్రాఫిక్‌లోకి నడిచింది. బస్సు ఆగింది. దాని వెనక అన్నీ ఆగాయి. తొమ్మిదీ నలభై నాలుగుకు ఆమె గేటు లోపల ఉంది.

మధ్యాహ్నం పరీక్ష బాగా రాసిన సంతోషంతో బయటికొస్తే, అన్న చెమటలు కక్కుకుంటూ నిలబడి ఉన్నాడు.

"స్కూటరేది?"

"గా సందులనే లంగరేసి నడిచొచ్చిన. పా, పోదాం."

సిద్ధార్థ్ ఒక చెయ్యి పైకెత్తి రోడ్డు మీదికి అడుగు పెట్టాడు. ఈసారి కుడివైపు నుంచి వచ్చినవాళ్లే ఆగారు.