కాశీవిశ్వనాథం చదవడం మానిన వైనం

నగరంలో రోడ్లను వెడల్పు చేసే ఒకానొక ప్రభుత్వ శాఖకు, తమ గుమాస్తాలు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలరా లేదా అన్న అనుమానం 1968లో కలిగింది. అంతకు చాలా ముందే కలగవలసింది. కాని ఆ అనుమానాన్ని వెలిబుచ్చిన ఫైలు ఇంగ్లీషులో ఉండటం వల్ల కొన్నేళ్లు ఆలస్యమైంది. శాఖ పేరు చెప్పడం మర్యాద కాదు. అక్కడికి కాగితం పట్టుకుని వెళ్లినవారికి ఎలాగూ తెలుసు. వెళ్లనివారు అదృష్టవంతులు.

అనుమానం తీర్చుకోవడానికి ఆంగ్ల భాషా ప్రావీణ్య పరీక్ష అని ఒకటి పెట్టారు. వ్యాసం, ఉత్తరం, వ్యాకరణం ఎలాగోలా గట్టెక్కే భాగాలే. గండమల్లా చదివి అర్థం చేసుకునే భాగం. పుటన్నర పాసేజీ ఒకటి ఇస్తారు. దాని కింద ప్రశ్నలుంటాయి. అరగంటలో జవాబులు రాయాలి. పాసైన సీనియరు గుమాస్తా సూపరింటెండెంటు అవుతాడు. మూడుసార్లు తప్పినవాడు రిటైరయ్యేదాకా గుమాస్తాగానే ఉండి దేశసేవ చేస్తాడు.

చిక్కడపల్లిలో అద్దెకుంటున్న కాశీవిశ్వనాథం మరుసటి ఏడుకల్లా రెండుసార్లు తప్పాడు. ఇంగ్లీషు రాక కాదు. రాజధాని కర్నూలు నుంచి మారినప్పుడు బీరువాలతోపాటు లారీ ఎక్కి వచ్చిన ఆ మనిషికి తెలిసినంత ఇంగ్లీషు, ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు. ఆయన లోపం వేరు. ఆయన చదివేవాడు.

మొదటిసారి పాసేజీ ఒక దీపస్తంభం కాపలాదారు గురించి వచ్చింది. తుఫానులో ముసలివాడు ఒంటరిగా దీపం ఆరిపోకుండా కాచుకుని కూర్చున్నాడు. విశ్వనాథం కళ్లు తుడుచుకుని, పాపం అంత సముద్రం మధ్య ఆ ముసలాయనకు తిండి ఎవరు తెచ్చిపెడతారా అని ఆలోచిస్తూ ఉండగా గంట కొట్టేశారు. రెండోసారి తేనెటీగలు. పనిచెయ్యని మగ ఈగలను పట్టులోంచి గెంటేస్తాయని రచయిత మెచ్చుకుంటూ రాశాడు. విశ్వనాథానికి అది దారుణమనిపించింది. ప్రశ్నలు వదిలేసి, జవాబు కాగితాల నిండా రచయితకు ఖండన రాశాడు. దిద్దినవారు అందులో ఒక్క తప్పు కూడా పట్టలేక సున్నా వేశారు.

ఈయన దగ్గర పని నేర్చుకున్న ధర్మారావు మాత్రం మొదటి దెబ్బకే పాసయ్యాడు. విశ్వనాథం మూడోసారీ తప్పితే సూపరింటెండెంటు కుర్చీ ధర్మారావుది. ఆ కుర్చీకి చేతులున్నాయి. నెత్తిన సొంత ఫ్యానుంది. ఆ కుర్చీ ముందు నిలబడి, తాను నోటు రాయడం నేర్పిన కుర్రాణ్ణి "సార్" అనాలన్న ఊహకే విశ్వనాథానికి అన్నం సహించడం మానేసింది.

ఆయన చదివే జబ్బుకు కొంత బాధ్యత ఇంటి యజమానురాలు కురుమమ్మది. ఆమెది తాతలనాటి ఇల్లు. ముందు వీధి వారగా రాతి అరుగు. శుక్రవారం సాయంత్రం వారపత్రిక రాగానే విశ్వనాథం ఆ అరుగు మీద కూర్చుని అపరాధ పరిశోధన సీరియల్ పైకి చదివేవాడు. కురుమమ్మకు అక్షరాలు రావు. విశ్వనాథం భార్య రత్నమాలకు వచ్చు కాని, తాను చదువుకుంటే భయం వెయ్యదని ఆవిడ కూడా వచ్చి కూర్చునేది. అది ప్రత్యేక రాష్ట్రం కావాలా వద్దా అని ఊరంతా రెండుగా చీలి వాదించుకుంటున్న సంవత్సరం. గోడల మీద ఎన్ని నినాదాలున్నా ఆ అరుగు మీద అందరిదీ ఒకే పక్షం. హంతకుడికి వ్యతిరేక పక్షం.

అలాంటి అరుగుకు ఆపద వచ్చింది. వీధి వెడల్పు చేస్తారనీ, అరుగు తీసేస్తారనీ కబురొచ్చింది. అభ్యంతరాలుంటే రాసుకోమన్నారు. విశ్వనాథం ఇంగ్లీషులో ఆరు పుటల అర్జీ రాసి, నారాయణగూడలో టైపు చేయించి తెచ్చి, కురుమమ్మకు అర్థం చెప్పాడు.

"'రోడ్ల కోసం పౌరులు కొంత స్థలం వదులుకోవడం న్యాయమే' అని మొదలుపెట్టాను మామ్మగారూ."

"ముందుగాల్నే ఒప్పుకుంటివేంది సారూ?" అంది కురుమమ్మ.

"అది మర్యాదండీ. ఇంగ్లీషులో అలాగే మొదలుపెట్టాలి. చివర 'తమ నిర్ణయానికి తలవంచుతాను' అన్నాను. అదీ మర్యాదే."

"మరి నా అర్గు ఏడున్నది?"

"మధ్యలో ఉందండీ. అసలు సంగతంతా మధ్యలోనే. ఎండాకాలం బాటసారులకు మీరు దాని మీద కుండ పెట్టడం, మీ ఆయన ఆ రాయి బండి మీద తెచ్చి వేయించడం, అన్నీ రాశాను. చదివినవాడు కంటతడి పెట్టాలి."

"సదివేటోడు ఎవడు?"

"మా ఆఫీసుకే వెళ్తుందండీ. మావాళ్లే చదువుతారు. మీరు నిశ్చింతగా ఉండండి."

కురుమమ్మ నిశ్చింతగా వేలిముద్ర వేసింది. అర్జీ ఆఫీసు చేరి, ఒక నంబరు తగిలించుకుని, ఆఫీసు ఆచారం ప్రకారం బీరువాలో విశ్రాంతి తీసుకుంది.

ఇక పరీక్ష దగ్గర పడింది. ఆ ఏడు గొడవలతో ఊళ్లో పరీక్షలన్నీ వాయిదా పడుతున్నాయి. ఇది మాత్రం పడలేదు. వాయిదా వెయ్యాలన్న ఫైలు ఎవరూ చదవలేదు. ధర్మారావుకు గురువు మీద జాలి కలిగింది.

"గురువుగారూ, మీకున్నది జబ్బు. అశోక్‌నగర్‌లో దీనికి వైద్యుడున్నాడు. నేనూ అక్కడే నయం చేయించుకున్నాను," అన్నాడు.

ఆ వైద్యుడు సూర్యప్రకాశరావు. సైకిలు షాపు మీద మేడగదిలో ఆయన ట్యుటోరియల్ నడుస్తోంది. ఆ గదిలో బల్లలున్నాయి, బోర్డుంది, గోడ గడియారముంది. పుస్తకం లేదు. సూర్యప్రకాశరావు తాను పుస్తకమన్నది ముట్టి ఇరవై ఏళ్లయిందని సగర్వంగా చెప్పుకునేవాడు. ఆయన శిష్యులు పెద్ద పెద్ద కుర్చీల్లో ఉన్నారు కనుక ఆ గర్వం న్యాయమైనదే. మొదటి రోజు ఆయన లేచి, గొంతు సవరించుకుని, ప్రసంగించాడు.

"నాయనలారా! పాసేజీ అనేది ఒక అడవి. అందులోకి వెళ్లినవాడు తిరిగి రాడు. మీరు మొదటి వాక్యం చూడండి. చివరి వాక్యం చూడండి. ఈ రెంటి నడుమ ఉన్నదంతా అభ్యర్థిని ఆపడానికి పరీక్షాధికారి తవ్విన గొయ్యి. ప్రశ్నలో ఏ మాట ఉందో ఆ మాట పాసేజీలో ఎక్కడుందో పట్టండి. ఆ వాక్యం ఎత్తి జవాబులో దించండి. అర్థం మీకు అనవసరం. రచయితతో ఏకీభవిస్తారా అని అడిగితే, పూర్తిగా ఏకీభవిస్తామని రాయండి. ఆయన ఏమన్నాడో మనకెందుకు? పెద్దమనిషి ఏదో మంచే అని ఉంటాడు."

శిష్యులు చప్పట్లు కొట్టారు. విశ్వనాథం చెయ్యెత్తాడు.

"మరి అసలు సంగతి మధ్యలో ఉంటేనోనండీ?"

సూర్యప్రకాశరావు ఆయన్ని రోగిని చూసినట్టు చూశాడు. "ఎన్నేళ్ల సర్వీసయ్యా నీది? ఇన్నేళ్లలో మధ్య పేరా చదివి బాగుపడ్డ అధికారిని ఒక్కణ్ణి చూపించు."

విశ్వనాథం ఆలోచించాడు. ఒక్కరూ తట్టలేదు.

వైద్యం మొదలైంది. పాసేజీ ముందు పెట్టి మాస్టారు ఎదుట కూర్చునేవాడు. కళ్లు ఎడమ నుంచి కుడికి కదిలితే స్కేలుతో బల్ల మీద కొట్టేవాడు. చూపు బావిలో చేదలా నిలువునా దిగాలి తప్ప పక్కలకు పోకూడదు. పథ్యం కూడా చెప్పాడు. దినపత్రికలో పెద్దక్షరాలు దాటకూడదు. పొట్లాం కట్టిన కాగితం ఇంట్లో కనబడితే తక్షణం నలిపెయ్యాలి. విశ్వనాథానికి పకోడీలు తిన్నాక ఆ కాగితం చదివే అలవాటుంది మరి. నారాయణగూడ వీధిలో నడిచేటప్పుడు కొట్ల మీద బోర్డుల్లో మొదటి అక్షరం, చివరి అక్షరం మాత్రమే చూడాలి. ఈ పద్ధతిలో ఆయన ఒకసారి మందులషాపులోకి వెళ్లి మినప్పప్పు అడిగాడు. మాస్టారు భుజం తట్టి, గుణం కనిపిస్తోందన్నాడు.

పూర్తిగా నయమైన సంగతి ఒక శుక్రవారం అరుగు మీద తెలిసింది. సీరియల్ మంచి పట్టులో ఉంది. డిటెక్టివును హిమాయత్‌నగర్ బంగళా నేలమాళిగలో కట్టేశారు. వారం రోజులుగా కురుమమ్మకు నిద్ర లేదు. విశ్వనాథం పత్రిక తెరిచి, "'డిటెక్టివు కళ్లు తెరిచాడు.' ... 'ఆమె నవ్వి దీపం ఆర్పేసింది.' అయిపోయిందండీ," అని మూసేశాడు.

"అయిపోవుడేంది? ఎవరా పిల్ల? కట్లెట్ల ఇప్పుకున్నడు? నడ్మల ఏమైంది సారూ?" అంది కురుమమ్మ.

"నడుమ ఏమీ ఉండదు మామ్మగారూ. నడుమ ఉన్నదంతా మనల్ని తికమక పెట్టడానికి."

కురుమమ్మ రత్నమాల వైపు తిరిగింది. "జర దిష్టి తియ్యి బిడ్డా. సారుకేదో తగిలింది."

"పరీక్ష అయ్యేదాకా ఓపిక పట్టండి మామ్మగారూ. తరవాత మామూలు మనిషవుతారు," అని రత్నమాల భరోసా ఇచ్చింది. పరీక్షకు వెళ్లేవారి భార్యలు పూర్వం నుంచీ ఇలాగే నమ్ముతున్నారు.

పరీక్షలో విశ్వనాథం అరగంట పని పావుగంటలో ముగించి, మిగతా సమయం కిటికీలోంచి కాకుల్ని చూశాడు.

"పాసేజీ దేని గురించండీ?" అని రత్నమాల ఆశగా అడిగింది.

"పుటన్నర," అన్నాడాయన.

శాఖ మొత్తానికి మొదటివాడిగా పాసయ్యాడు. సన్మానసభలో డైరెక్టరుగారు ఆవేశంగా మాట్లాడారు. "ఇలా చదివి అర్థం చేసుకునేవారే ఈ శాఖకు వెన్నెముక. వీరి జవాబు పత్రం నేను స్వయంగా చూశాను. మొదటి పుట అద్భుతం! చివరి పుట మరీ అద్భుతం!" దండ వేశారు. చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. ఫ్యాను తిరిగింది. ధర్మారావు ఎదుట నిలబడి "సార్" అన్నాడు. విశ్వనాథానికి అన్నం సహించింది.

కొత్త సూపరింటెండెంటు రాకతో శాఖలో ఫైళ్లు పరుగెత్తాయి. ఏళ్ల తరబడి పేరుకున్న బీరువాలు నెల తిరక్కుండా ఖాళీ అయ్యాయి. ఒక మధ్యాహ్నం ధర్మారావు ఒక చిక్కడపల్లి ఫైలు పట్టుకుని బల్ల దగ్గర తటపటాయించాడు.

"సార్, ఇది ఆరు పుటలుంది. చాలా బాగా రాసినట్టుంది. మీరొకసారి..."

"నీకు నయమైందన్నావు!" అని విశ్వనాథం మందలించి ఫైలు లాక్కున్నాడు. మొదటి వాక్యం చూశాడు. రోడ్ల కోసం పౌరులు స్థలం వదులుకోవడం న్యాయమే. చివరి వాక్యం చూశాడు. తమ నిర్ణయానికి తలవంచుతాను. ఇంత సుగుణవంతుడైన అర్జీదారును ఆయన ఇంతకు ముందు చూడలేదు. "అర్జీదారుకు అభ్యంతరం లేదు. పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వెంటనే తొలగించవచ్చు," అని రాసి సంతకం పెట్టాడు. శాఖ చరిత్రలోనే మొదటిసారిగా ఆ "వెంటనే" అన్న మాట అమలు జరిగింది.

శుక్రవారం సాయంత్రం పత్రిక చంకలో పెట్టుకుని విశ్వనాథం ఇంటికి వచ్చేసరికి గడప ముందు వీధే ఉంది. అరుగు రాళ్లు లారీ ఎక్కి వెళ్లిపోయాయి. మట్టిలో ముక్కాలిపీట వేసుకుని కురుమమ్మ కూర్చుని ఉంది. పక్కన రత్నమాల. ఆమె చేతిలో, టైపు చేయించినప్పుడు ఇంట్లో దాచిన అర్జీ నకలు.

"ఎవడండీ ఆ బుద్ధిలేనివాడు?" అని విశ్వనాథం మండిపడ్డాడు. "రేపే వాడి సంగతి తేలుస్తాను!"

"కూలగొట్టెటోళ్లు కాయిదం సూపెట్టిన్రు," అంది కురుమమ్మ. "కింద దస్కతు నీదేనంట గద బిడ్డా."

 రత్నమాల నకలు అందించింది.

"మొదలు ఒద్దు, ఆఖరు ఒద్దు. నడ్మల సదువు," అంది కురుమమ్మ.

వీధిలో నిలబడి విశ్వనాథం చదవడం మొదలుపెట్టాడు. చాలాకాలానికి ఆయన కళ్లు ఎడమ నుంచి కుడికి కదిలాయి. ఒక్కో ముక్కా చదివి తెలుగులో చెప్పాడు. ఎండలో నడిచే బాటసారి వచ్చాడు. కుండ వచ్చింది. బండి మీద రాయి వచ్చింది. శుక్రవారం సాయంత్రాలు వచ్చాయి. దారిన పోతున్న సైకిళ్లవాళ్లు దిగి నిలబడి విన్నారు. కూర్చోవడానికి చోటు లేదు.

"ఇది... ఇది నేను రాసిందే మామ్మగారూ," అన్నాడు కళ్లు తుడుచుకుని.

"నువ్వు గాదు బిడ్డా," అంది కురుమమ్మ, పీట ఎత్తుకుని లోపలికి నడుస్తూ. "అది రాసిన సారు వేరే ఉండె. మంచోడు. పాపం, పరీక్షల పాసైండు."

మొదటి వాక్యం చూసి నేరుగా ఈ పేరాకు విచ్చేసిన పాఠక మహాశయులకు అభినందనలు. మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు. ఒక గుమాస్తా పరీక్ష పాసయ్యాడు, చిక్కడపల్లిలో ఒక వీధి కాస్త వెడల్పయింది. నడుమ ఒక ముసలమ్మ అరుగు ఉండేది, అంతే. మీ అర్హతలు శాఖవారి దృష్టికి వెళ్లాయి. చేతుల కుర్చీ తుడిచి ఉంచారు. ఎప్పుడు చేరతారో రాయండి, రెండు వాక్యాలు మించకుండా.