నలగని పుస్తకం

ఒక పెద్ద అడవిలో, మూడు కొండల అవతల దాకా గాలించినా ఇంతటి చదువరి దొరకడని పేరు మోసిన నక్క ఒకడుండేవాడు. పేరు నరహరి. అతను చదవని పుస్తకం లేదు. నిద్రలో లేపి అడిగినా ఏ నవల ముగింపైనా గడగడా చెప్పేసేవాడు.

ఈ సంగతులన్నీ అడవికి చెప్పిందెవరంటే, నరహరే. నిజానికి అతగాడు ఒక పుస్తకం ఆసాంతం చదివింది చిన్నప్పుడెప్పుడో, అదీ జ్వరమొచ్చి కదల్లేక.

మరి ఈ పేరెలా నిలబడింది? 'పుస్తకాల పొద' వల్ల.

ఆ అడవిలో ఫోన్లకు కొదవలేదు. జలపాతం చూడ్డానికొచ్చే మనుషుల చేతుల్లోంచి కోతులు లాగేసి, తుడిచి, జామకాయల బేరానికి అమ్మేవి. ఫోన్లొచ్చాక గ్రూపులు రాకుండా ఉంటాయా? నీళ్ల వేళల గ్రూపు, పెళ్లి సంబంధాల గ్రూపు, పులి ఎటు పోతోందో చెప్పే గ్రూపు. అన్నిటికన్నా మర్యాదస్తుల గ్రూపు మాత్రం పుస్తకాల పొదే. దాని అడ్మిన్ ఏనుగు గజలక్ష్మమ్మ గారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. జంతువే, మాటవరసకి మనిషన్నాను.

తెల్లవారేసరికి ఆవిడ మెసేజ్ దిగేది.

"శుభోదయం పిల్లలూ. ఇవాళ ఎవరేం చదువుతున్నారు?"

నెమలి నీలాంబరం వెంటనే ఫొటో పెట్టేవాడు. పుస్తకం, పక్కన టీ కప్పు, మధ్యలో తన ఈక. "వానా, టీ, ఒక మంచి పుస్తకం. జీవితానికింకేం కావాలి?"

"వానెక్కడ పడుతోంది నాయనా? మా వైపు ఎండ మాడ్చేస్తోంది," అనేవారు గజలక్ష్మమ్మ గారు.

"అది పోయినేటి ఫొటో అమ్మగారూ. ఈక మాత్రం ఈ ఏటిదే."

గుడ్లగూబ విశాలాక్షి గారు విమర్శకురాలు. "పుస్తకం బాగానే ఉంది. నిర్మాణంలోనే కొంత లోపం," అనేవారు. ఏ పుస్తకమైనా ఆవిడకి బాగానే ఉండేది, దేని నిర్మాణంలోనైనా లోపం ఉండేది.

తాబేలు కూర్మయ్య తాత పొద్దుగూకే వేళకి "శుభోదయం" అని పెట్టేవాడు. అది ఏ రోజు ఉదయానికో ఎవరూ అడిగేవారు కాదు.

ఇక కుందేలు బుల్లెమ్మ. "నరహరన్నయ్యా, టిఫినయిందా? నిన్న నువ్వు చెప్పిన పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?"

ఆ మాట దగ్గర నరహరికి గుండె కరిగిపోయేది. ఎందుకంటే పొదకి బయట అతణ్ని చూసి పారిపోని ప్రాణి లేదు. కుందేళ్లు బొరియల్లో దూరేవి, కోళ్లు చెట్లెక్కేవి. ఎదురుపడితే బుల్లెమ్మా పరిగెత్తేదే. ఫోన్లో మాత్రం అన్నయ్యా అనేది! టిఫిన్ సంగతి అడిగేది! పుట్టి బుద్ధెరిగాక నరహరిని టిఫినయిందా అని అడిగిన ప్రాణి ఆ పిల్లొక్కతే.

"అయింది చెల్లెమ్మా," అని రాసేవాడు. ఏం తిన్నాడో రాసేవాడు కాదు.

ఆ అన్నయ్య హోదా కోసమే అతని చదువంతా. చదువంటే మరేం లేదు. పొదలో నలుగురూ అన్న మాటల్ని పోగుచేసి, కాస్త మెరుగుపెట్టి, మర్నాడు తన మాటలుగా వదిలేవాడు. జనం "ఎంత లోతుగా చదివావు నరహరీ!" అనేవారు.

ఒక ఉదయం గజలక్ష్మమ్మ గారు ఓ వార్త మోసుకొచ్చారు. ముళ్లపంది పేరిందేవి గారు 'ఏటి అవతల గొడుగు' అని కొత్త నవల రాశారు. పొదకి ఒక్క ప్రతి పంపారు. మన పద్ధతి మనకుందిగా: ప్రతి సభ్యుడి దగ్గరా కొన్నాళ్లుండి, అభిప్రాయం రాయించుకుని, పుస్తకం పక్కవారికి పోవాలి. ఆఖర్న రెల్లుగడ్డి మైదానంలో సభ. పేరిందేవి గారే స్వయంగా వస్తారు.

"ప్రధాన ప్రసంగం ఎవరు చేస్తారు?" అని అడిగారు గజలక్ష్మమ్మ గారు.

"ఇంకెవరు? నరహరన్నయ్యే!" అంది బుల్లెమ్మ.

నరహరి బుర్ర చకచకా పనిచేసింది. "పెద్దలందరూ ముందు చదవండి అమ్మగారూ. పుస్తకం చివర్లో నా దగ్గరికొస్తే చాలు."

"చూడండమ్మా వినయం!" అన్నారు గజలక్ష్మమ్మ గారు. వినయమూ లేదు, వంకాయా లేదు. అందరి అభిప్రాయాలూ చేతికందాక ప్రసంగం అల్లడమెంతసేపు?

పుస్తకం బయల్దేరింది. అట్ట మీద ఓ ఏరు, ఏట్లో పడవ, పడవలో గొడుగు.

ముందు గజలక్ష్మమ్మ గారు రాశారు. "చదవడం ముగించాను. ఆ పడవవాడి దగ్గర కన్నీళ్లాగలేదు. తొండంతో తుడుచుకున్నాను."

తర్వాత నీలాంబరం. ఫొటోలో పుస్తకం, టీ, ఈక. "పడవవాడి ఒంటరితనం నా ఈకల్లోకి దిగింది."

విశాలాక్షి గారు: "పడవవాడు ఆ అమ్మాయిని ఏరు దాటించకుండా ఉండాల్సింది. నిర్మాణంలో లోపం."

"దాటించకపోతే ఆవిడ అటు పక్కే ఉండిపోదూ?" అని బుల్లెమ్మ.

"ఉండిపోతేనే విషాదం పండేది."

"పాపం, గొడుగు కూడా ఇచ్చేశాడు కదండీ," అన్నాడు నీలాంబరం.

"ఆ గొడుగే అతని గుండె నాయనా," అని గజలక్ష్మమ్మ గారు మళ్లీ ఏడ్చారు.

పడవవాడికి పొదలో ఓ పేరు కూడా వచ్చింది: ఏకాంబరం. అది నవల్లోనే ఉందని అందరూ అనుకున్నారు. ఏకాంబరం మంచివాడని కొందరు, పిరికివాడని కొందరు. ఆ వేడిలో నీలాంబరం, విశాలాక్షి గారు కొన్నాళ్లు మాట్లాడుకోలేదు. కూర్మయ్య తాత మాత్రం "పడవెప్పుడు బయల్దేరుతుంది?" అని అడిగాడు. అది ఎంత లోతైన ప్రశ్నో అని అందరూ మెచ్చుకున్నారు.

నరహరి ఇవన్నీ గుండెకద్దుకున్నాడు. ప్రసంగం తయారైపోయింది. సభ రేపనగా పుస్తకం అతని బొరియ ముందుకొచ్చింది.

చేతిలోకి తీసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

అచ్చాఫీసులో వేసిన పల్చటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఎక్కడా చిరుగు లేదు, గోటిగాటు లేదు. ఇన్ని కాళ్లూ ఇన్ని గోళ్లూ మారి వచ్చిన పుస్తకం పెళ్లికూతురిలా మెరిసిపోతోంది.

"ఓరి దేవుడో," అన్నాడు నరహరి. "అందరూ నరహరులే!"

ముందు నవ్వొచ్చింది, తర్వాత ధైర్యమొచ్చింది. ఎవరూ చదవలేదంటే పట్టుకునేవాడూ లేడు. తన ప్రసంగం భేషుగ్గా సాగిపోతుంది. ఆ ధీమాతో టీ పెట్టుకున్నాడు. టీ మరిగేలోపు ఊరికే కూర్చోలేక కవరు మూలని పంటితో కాస్త గీరాడు. అది చర్రున చిరిగిపోయింది.

చిరిగాక మూసేస్తే బాగోదని మొదటి పేజీ చూశాడు.

అందులో ఏకాంబరం లేడు. పడవే లేదు. ఏటి గట్టున ఎండ్రకాయల సంసారాలున్నాయి. మగపెళ్లివారు పెళ్లిచూపులకి బయల్దేరారు. ఎండ్రకాయలు కదా, నడక పక్కకి. ఎదురింటికని బయల్దేరి పక్కింటికి చేరారు. పక్కింటివాళ్లు మర్యాదస్తులు, ఎవరని అడక్కుండా ఉప్మా పెట్టారు. వీళ్లూ మర్యాదస్తులే, ఉప్మా తిన్నాక సంబంధం ఖాయం చేసుకోకపోతే బాగోదని ఖాయం చేసేసుకున్నారు. తాత ఎండ్రకాయ మాత్రం తన గొడుగు అక్కడ మర్చిపోయి వచ్చాడు. దానికోసం వెనక్కి బయల్దేరిన ప్రతివాడూ ఇంకో పక్కింటికి చేరి, ఇంకో ఉప్మా తిని, ఇంకో సంబంధం ఖాయం చేసుకుని వస్తున్నాడు.

నరహరి పొట్ట పట్టుకుని దొర్లాడు. టీ ఒలికింది. చూసుకోలేదు. ఎండెక్కి కూర్చున్న రాయి కాలింది. లేవలేదు. కిందటిసారి జ్వరమొస్తే చదివాడు కదా, ఈసారి చదువుతుంటే జ్వరమొచ్చినట్టయింది.

మర్నాడు మైదానం నిండిపోయింది. 'పుస్తకప్రియులు ఒకరినొకరు తినరాదు' అని గజలక్ష్మమ్మ గారు ముందే నియమం పెట్టారు. ఆ భరోసాతో బుల్లెమ్మ వచ్చి సరిగ్గా నరహరి పక్కనే కూర్చుంది. పారిపోలేదు!

"టిఫినయిందా అన్నయ్యా?" అని నోటితో అడిగింది.

నరహరి తోక సర్దుకుని ఆమెకి చోటిచ్చాడు. ఈ ఒక్క మాట నిలబడాలంటే ప్రసంగం సరిగ్గా నడవాలి. ఏకాంబరం ఏడవాలి, గొడుగు గుండె కావాలి. ఎండ్రకాయల ఊసెత్తకూడదు. అంతే.

వేదిక మీద పేరిందేవి గారు ముళ్లు సర్దుకుని ఒద్దికగా కూర్చున్నారు. గజలక్ష్మమ్మ గారు తొండంతో కళ్లు తుడుచుకుంటూ నరహరిని పిలిచారు.

నరహరి లేచాడు. "పెద్దలారా! ఏకాంబరం మనందరి గుండెల్లో పడవ నడిపినవాడు."

"ఆహా!" అన్నాడు నీలాంబరం.

"ఆ గొడుగుని విడిచిపెట్టి వచ్చేటప్పుడు..."

అక్కడ చిక్కుపడింది. గొడుగనగానే తాత ఎండ్రకాయ కళ్లముందు మెదిలాడు. నరహరి పళ్లు బిగబట్టాడు.

"విడిచిపెట్టి వచ్చేటప్పుడు అతని కళ్లల్లో... కళ్లల్లో..."

"ఏముంది నాయనా, ఏముంది?" అని గజలక్ష్మమ్మ గారు వెక్కుతున్నారు.

"ఉప్మా!" అన్నాడు నరహరి. ఇక ఆగలేదు. పగలబడి నవ్వాడు. నవ్వుతూనే పక్కింటి సంబంధం చెప్పాడు, రెండో ఉప్మా చెప్పాడు, పక్కకి నడిచి కూడా చూపించాడు. బుల్లెమ్మ చెవులు పట్టుకుని కిలకిలా నవ్వింది.

మిగతా సభ చల్లబడిపోయింది.

"ఈ పిచ్చి కథెక్కడిది?" అన్నారు విశాలాక్షి గారు.

"పుస్తకంలోదేనండీ. పడవ అట్ట మీదే ఉంది. లోపల లేదు."

"నీకెలా తెలుసు?"

నరహరి అటూ ఇటూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. "చదివాను," అన్నాడు మెల్లగా.

"చదివాట్ట!" అన్నాడు నీలాంబరం, దొంగతనం బయటపడ్డట్టు.

"కవరో?" అన్నారు గజలక్ష్మమ్మ గారు. ఆ గొంతుకి చెట్ల మీది ఆకులు కూడా నిటారుగా నిలబడ్డాయి.

నరహరి పుస్తకం ముందుకి చాపాడు. కవరు లేదు. మూల మీద పంటిగాటు. పేజీల మీద టీ.

సభంతా ఒక్కసారి హాహాకారం చేసింది. "ఇంతమంది దగ్గర తిరిగినా ఈగ వాలని పుస్తకం!" "పసిపాపలా చూసుకున్నాం!" "ఒక్కపూటలో నాశనం చేశాడు!" నీలాంబరం పుస్తకం తీసుకుని ఫొటో తియ్యబోయి, అందం లేదని ఆపేశాడు. పేరిందేవి గారు నోరు తెరిచారు గానీ, ఏనుగు గట్టిగా ఏడుస్తుండడంతో మళ్లీ మూసుకున్నారు.

"పుస్తకమంటే ప్రేమ లేనివాడికి ఈ పొదలో చోటు లేదు," అని గజలక్ష్మమ్మ గారు తీర్పు చెప్పారు. అప్పటికప్పుడు సాలీణ్ని పిలిపించి పుస్తకానికి కొత్త తొడుగు నేయించి, పై కొమ్మన భద్రంగా పెట్టించారు. నరహరి ఫోన్ టింగుమంది. 'మిమ్మల్ని తొలగించారు.'

కూర్మయ్య తాత ఒక్కడే అతనికి చెయ్యెత్తి "స్వాగతం నాయనా" అన్నాడు. నరహరి పొదలో చేరిన రోజు చెప్పబోయి ఇప్పటికి చెప్పగలిగాడు.

మర్నాటి ఉదయం బొరియలో ఫోన్ మూగగా పడుంది. శుభోదయం లేదు. వాన ఫొటో లేదు. టిఫినూ కాలేదు, అడిగే దిక్కూ లేదు. నిర్మాణంలో లోపం వినిపించకపోతే ఇంత వెలితిగా ఉంటుందని నరహరి అనుకోలేదు.

అంతలో టింగుమంది. కొత్త నంబరు.

"పేరిందేవిని. రెండో ఉప్మా దగ్గర నిజంగా నవ్వొచ్చిందా?"

"దొర్లానండీ. మరి సభలో మీరు చెప్పలేదేం?"

"అంత పెద్ద ఏనుగు ఏడుస్తుంటే కాదనే ధైర్యం నా ముళ్లకి లేదు నాయనా. అట్ట మీద బొమ్మ వేసినాయన కూడా చదవలేదు. పడవ ఎందుకంటే, పడవ బాగా వస్తుందన్నాడు."

నరహరి ఫకాలున నవ్వాడు. ఇంకోసారి టింగుమంది. బుల్లెమ్మ.

"అన్నయ్యా, టిఫినయిందా? కొత్త గ్రూపు పెడితే నన్నూ చేర్చుకో. ఆ గొడుగు చివరికి దొరికిందా లేదా? పొద్దుణ్నించీ అదే ఆలోచన."

నరహరి ముగ్గురికీ కలిపి ఓ కొత్త గ్రూపు పెట్టి, ఆ ప్రశ్న అందులో వేశాడు. "అవును, చెప్పు నాయనా," అని పేరిందేవి గారు. "నేను బాగా కష్టపడింది ముగింపు దగ్గరే. నీకెలా అనిపించింది?"

నరహరి 'అద్భుతం' అని రాశాడు. కొట్టేశాడు. 'కన్నీళ్లాగలేదు' అని రాశాడు. అదీ కొట్టేశాడు. తోకతో మొహం కప్పుకుని, ఒక్కో అక్షరమే నొక్కాడు.

"క్షమించండమ్మా. నవ్వుతుంటే టీ ఒలికి ఆఖరి పేజీలు అతుక్కుపోయాయి. ముగింపు నేను చదవలేదు."

నీతి: పుస్తకం నలగనంత కాలమే పుస్తకప్రియుల స్నేహం నలగదు.