కోతపండుగలో తిబెరి కైసరు

ఆ శనివారం పొద్దున కెన్నీ, దీనా వేసుకున్న కార్యక్రమంలో మూడే పనులున్నాయి. పెసరట్టు తినడం, నాణెం ఎవరిదో తేల్చడం, సాయంత్రం బీచిలో ఒక మొక్కజొన్న పొత్తును ఇద్దరూ కలిసి తినడం. పెళ్ళయి రెండు నెలలే అయింది కాబట్టి మూడూ వాళ్ళకు సమానంగా ముఖ్యమైన పనులే.

నాణెం కిందటి వారం భీమిలిలో, పాత సామాన్ల కొట్లో దొరికింది. కొట్టతను "పాతదండి" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. రోమన్ నాణెం అన్నది కెన్నీ. అతను పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తూ, అరిగిపోయిన రోమన్ నాణేలను గుర్తుపట్టడం ఫోనులో వీడియోలు చూసి కొత్తగా నేర్చుకుంటున్నాడు. అక్షరాలు చెరిగిపోయినా ముక్కు, మెడ, గడ్డం చూసి చక్రవర్తిని పట్టుకోవచ్చని, గడ్డం లేకపోతే చాలావరకు మొదటి శతాబ్దమని, ఉంటే ఆ తరవాతదని అతనికి తెలుసు. ప్రస్తుతానికి అంతే తెలుసు.

పెసరట్టు చల్లారేదాకా చూసి, "ముక్కు పొడుగు. మెడ లావు. గడ్డం లేదు. వెనకవైపు ఆకుల దండ. తిబెరి కైసరు," అని ప్రకటించాడు. దీనా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు వింటూ దీనా తల్లి జయశీల లోపలికొచ్చింది. పక్క వీధి నుంచి ఆమె మోసుకొచ్చింది ఒక దిగులు. మర్నాడు చర్చిలో కోతపండుగ. సంఘంలో ప్రతి ఇల్లూ తమ పెరటి పంటలో మొదటిది తెచ్చి గుడిలో బల్ల మీద పెడుతుంది. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. జయశీల ఏటా తన డాబా మీద కాసిన గుమ్మడికాయ ఇస్తుంది. ఈసారి పాదు పూసి ఊరుకుంది.

"తిబెరి కైసరంటే ఏసుప్రభువు కాలంలో ఏలినోడు కాదేటి?" అంది.

కెన్నీ సంవత్సరాలు కలిపి చూసి అవునన్నాడు.

"ఓపాలి పాస్టరుగారికి సూపించి తెచ్చేత్తాను బాబూ," అని ఆమె నాణేన్ని చీరచెంగున ముడేసుకుంది. అత్తగారి చెంగు ముడి విప్పించగల కొత్త అల్లుడు ఇంకా పుట్టలేదు.

ఆదివారం బల్ల మీద ఆనపకాయలకూ రెండు నాటుకోళ్ళకూ మధ్య, తెల్ల చేతిరుమాలు పరిచి, నాణెం పెట్టి ఉంది. జయశీల చూపించడానికే తీసుకెళ్ళింది. పాస్టరుగారు అది కానుక అనుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేశారు. ఆయన కళ్ళు తెరిచాక కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

దీనా తండ్రి సత్యం స్టీలుప్లాంటు తనిఖీ విభాగంలో చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా కడ్డీలను తిప్పి చూసి, ఇవి పనికొస్తాయి, ఇవి రావు అని రెండు పక్కల పెట్టించాడు. కెన్నీని ఇంకా ఏ పక్కనా పెట్టలేదు. ఆ రోజు మాత్రం గుడి మెట్ల మీద, నలుగురికీ వినబడేలా, "మా అల్లుడు తేల్సినాడు. ఆడు సెప్పాడంటే మరి తిరుగులేదు," అన్నాడు. కెన్నీ రెండు నెలలుగా కాచుకున్న మాట అదే. ఆ సంతోషంలో అతను మొదటి కీర్తన రెండో చరణం ముందు, మొదటి చరణం తరవాత పాడాడు.

ఆ కీర్తన అయ్యేలోపే దీనా ఫోనులో నాణెం ఫొటోను పెద్దది చేసి అతని ముందుకు జరిపింది.

"కెన్నీ, ఈయనకి గడ్డం ఉందేటి?" అంది మెల్లిగా.

కెన్నీ చూశాడు. తను లావు మెడ అనుకున్నది గడ్డం. ఒత్తుగా, దువ్వినట్టు ఉంది. తిబెరి కైసరు నున్నగా గీయించుకునే మనిషి.

ఆరాధన ముగిసి, సంఘపెద్ద మైఖేల్ వేలం మొదలుపెట్టాడు. నాణెం ఎత్తి చూపగానే సత్యం లేచి ఒక పాట పాడాడు. మామగారు డబ్బు కట్టకముందే నిజం చెప్పాలని కెన్నీ చెయ్యెత్తాడు.

"అల్లుడుగారు ఇంకో అయిదొందలు," అన్నాడు మైఖేల్.

సత్యం వెనక్కి తిరిగి అల్లుణ్ణి చూశాడు. తరవాత పాట పెంచాడు. కెన్నీ వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు. మైఖేల్ దాన్ని రెండు పాటలుగా లెక్కపెట్టాడు. మామా అల్లుళ్ళు పోటీ పడడం ఆ సంఘం ఎరగదు కనక కోళ్ళు తప్ప అందరూ ఇటు తిరిగారు.

"నాతో పోటీయేటి బాబూ?" అన్నాడు సత్యం, గొంతు పెంచకుండా.

"పోటీ కాదు మావయ్యా. నాను తప్పు చెప్పాను. ఆయన తిబెరి కైసరు కాదు. ఆయనకి గడ్డం ఉంది."

అందరి చూపూ నెమ్మదిగా గోడ మీది క్యాలెండరు వైపు మళ్ళింది. ఆ క్యాలెండరులో ప్రభువుకు గడ్డం ఉంది.

తరవాతి పాట ఎవరిదో మైఖేల్‌కే తెలియలేదు. అన్ని మూలల నుంచీ ఒకేసారి వచ్చాయి. కెన్నీ "కాదండీ, అది కాదండీ" అంటూ వెంటపడితే, ఎంత అణకువో చూడండని ఎవరో మెచ్చుకున్నారు. చివరికి పాట సత్యం దగ్గరే ఆగింది. ఆయన ఆనవాయితీ ప్రకారం నాణేన్ని గుడికే తిరిగి ఇచ్చాడు. దాన్ని గాజు పెట్టెలో పెట్టిద్దామని పాస్టరుగారు అన్నారు.

కెన్నీ బల్ల దగ్గరికి వెళ్ళి నాణేన్ని కిటికీ ఎండలో ఏటవాలుగా పట్టాడు. ఆకుల దండ మధ్య నుంచి అక్షరాలు లేచాయి. కూడబలుక్కుంటే ఇండియా అని వచ్చింది. దాని పైన, పావు అణా. గడ్డం అయిదో జార్జి రాజుది.

ఈ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. మామగారు మొదటి వరసలోంచి గర్వంగా చూస్తున్నాడు. కెన్నీ ఆ ముఖం కేసి ఒకసారి చూసి, మైకు తీసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

మూడో వరసలోంచి ప్రసన్నకుమారి మామ్మ కర్ర పట్టుకుని లేచింది. సంఘంలో అందరికన్నా పెద్దది ఆమే.

"పావు అణాయేటి? ఇలాటియే ఏసి కట్టినారు ఈ గుడి. మా యమ్మ రోజూ గుప్పిడు బియ్యం పక్కనెట్టి, అమ్మి, ఇదే బిళ్ళ తెచ్చి ఏసీది. మరి కైసరు ఏటిచ్చినాడు మనకి?"

గాజు పెట్టె ఖాయమైంది.

సత్యం వచ్చి నాణేన్ని అందుకుని, కడ్డీని తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "తప్పు సరుకుని తప్పని సెప్పినోడే తనిఖీకి పనికొత్తాడు," అన్నాడు. "సాయంత్రం ఇంటికి రా బాబూ. మా నాన్న పాత బిళ్ళల పెట్టె ఉంది, సూద్దువుగాని."

ఇప్పుడు సంఘంలో ఎవరింట్లో పాత బిళ్ళ బయటపడినా కెన్నీ దగ్గరికే తెస్తున్నారు. అతను ఎవరి పేరూ చెప్పడం లేదు. గడ్డం ఉందో లేదో మాత్రం చెబుతున్నాడు.