మూడో నంబరు గుమ్మడికాయ

ఆదివారం పొద్దున కరుణాకరం వేసుకున్న పథకం చాలా చిన్నది. మందిరంలో కోతపండుగ ఆరాధన ఒంటిగంటకు అయిపోతుంది. ఆ తర్వాత కానుకల వేలంపాట. ఆ సందట్లో, రెండు గంటలకు హైదరాబాదులో పరిగెత్తే మూడో నంబరు గుర్రం మీద ఇరవై వేలు కాస్తే సాయంత్రానికి అరవై వేలవుతాయి. అందులో ఇరవై సోమవారం కూతురు రేచల్ నర్సింగు కాలేజీకి. మిగతాది లాభం. ఫీజు డబ్బు ఫోనులో ఉంది, ఫోను జేబులో ఉంది.

"రేపు సాయంత్రం లోపల కట్టకపోతే పిల్ల సీటు పోతాదంట. గుర్తుందా?" అంది భార్య మార్తమ్మ, తెల్లచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

"ఫోనులోనే ఉండాయి కదే, యాడికి పోతాయి?"

"పోయినేడు మేకలమ్మిన డబ్బు గూడా ఫోనులోనే ఉన్నింది."

గుర్రాల జోలికి ఇక పోనని అప్పుడు చేతిలో చెయ్యి వేసి చెప్పినవాడే కాబట్టి, కరుణాకరం గబగబా చెప్పులు వేసుకున్నాడు.

మార్కాపురం శివార్లలో, ఆయన పనిచేసే పలకల ఫ్యాక్టరీకి వెనకే ఆ చిన్న మందిరం. ఏటా పంటలో మొదటిది తెచ్చి బల్లమీద పెడతారు. దాన్నే వేలం పాడి, వచ్చింది దేవుని పనికి ఇస్తారు. ఆ రోజు కందులు, కోడిపుంజు, గుడ్ల బుట్ట, మూడు గుమ్మడికాయలు వచ్చాయి. గుమ్మడికాయల ముందు పలక ముక్కల మీద సుద్దతో నంబర్లు రాసి నిలబెట్టారు. సంఘపెద్ద జయపాల్ డప్పుల మోత మధ్య వేలంపాట మొదలుపెట్టాడు. వెనక వరసలో కరుణాకరం చెవిలో ఇయర్‌ఫోను, దానిమీద తువ్వాలు.

"డప్పుల మోతలో ఏం ఇనపడ్డంలేదన్నా," అన్నాడు చెవిలో పందేల ఏజెంటు. "గట్టిగా చెప్పు. ఎంత?"

"ఇరవై వేలు!" అని అరిచాడు కరుణాకరం. సరిగ్గా అప్పుడే డప్పులు ఆగాయి.

మొదటి గుమ్మడికాయకు "ఆరువందలు, రెండోసారి" అంటున్న జయపాల్ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"నంబరు?" అంది చెవి.

"మూడు! మూడే! వేరేది వద్దు!"

జనమంతా మూడో పలక వైపు తిరిగారు. దాని వెనక ఉన్నది కూలికి పోయే శ్రీశైలమ్మ తన గుడిసె మీద కాయించుకున్న పిడికెడంత కాయ. ఎవరో మెల్లగా "స్తోత్రం" అన్నారు.

శ్రీశైలమ్మ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "నాయనా, దాన్ని ఎవురు కొంటారులే అని ఎనక పెట్టమన్నా. నీ కంటికి కనపడిందా!"

ఆ కళ్లలోకి చూస్తూ, అది గుర్రం నంబరని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? అంతలోనే పాస్టరమ్మగారు డబ్బులు కొట్టే స్కానర్ తెచ్చి ఎదురుగా పట్టుకున్నారు. కరుణాకరం ఫోను తీసి డబ్బు కొట్టాడు. "ఇరవై వేల రూపాయలు అందాయి" అని పక్కనున్న పెట్టె మందిరమంతా వినిపించేలా పలికింది. పాటల గుంపులో ఉన్న రేచల్ తన పాటల పుస్తకాన్ని కింద పడేసింది. మార్తమ్మ మాత్రం కదల్లేదు. ఇరవై రెండేళ్లుగా తెలిసిన మనిషిని ఆమె మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

"పలకలు కోసేవాడు ఇరవై వేలిచ్చినాడు, మనమేంది ఇట్ల కూర్చున్నాం?" అని లేచాడు మిరప రైతు జాకబ్. పది రూపాయల కానుకకు కూడా చిల్లర అడిగే మనిషి, కోడిపుంజుకు పదిహేను వేలు పాడాడు. కేథరిన్ గుడ్ల బుట్టకు ఎనిమిది. దావీదు తాత కందులకు పన్నెండు. అంకెలు పైకప్పుకు తగులుతున్నాయి. జయపాల్ గొంతు బొంగురుపోయింది. ఆ మందిరం కట్టిన నాటి నుంచి ఇలాంటి మధ్యాహ్నాన్ని ఎవరూ చూడలేదు.

"డబ్బులు రాలేదన్నా, నీ పందెం లేదు," అంది చెవి. "ఊరికే ఇంటావా? రేసు మొదలైంది. నీ మూడో నంబరే ముందుంది!"

కరుణాకరం ఆగలేకపోయాడు. "పో తల్లీ! పో! పో!"

"హల్లెలూయా!" అంది సంఘం.

చివరి మలుపులో గుర్రానికి ఏమైందో గాని, వెనక్కి, ఇంకా వెనక్కి జారి అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. "బతికిపోయినావన్నా," అని ఏజెంటు ఫోను పెట్టేశాడు.

కరుణాకరం మోకాళ్ల మీద పడ్డాడు. తను రెండు చేతులా విసిరేయబోయిన కూతురి చదువును ఎవరో గాలిలోనే పట్టుకున్నారు. పాస్టరుగారు మైకు అందించారు.

"అయ్యగారూ, నేను దేవునికియ్యలేదు. గుర్రానికిచ్చినా," అన్నాడు ఏడుస్తూ. "అది నా బిడ్డ ఫీజు." ఇయర్‌ఫోను తీసి బల్లమీద పెట్టి, మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పాడు.

పాస్టరుగారు ఆ ఇయర్‌ఫోనును బల్ల చివరికి జరిపారు. తర్వాత, "దేవుడికి గుర్రం డబ్బు వద్దు. పిల్ల ఫీజు పిల్లకే పోవాల," అని రేచల్ ఫోనుకు ఇరవై వేలు తిరిగి పంపించారు. రేచల్ అక్కడే నిలబడి కాలేజీకి కట్టేసింది. రసీదు తెర మీదికి వచ్చాకే మార్తమ్మ కదిలింది.

"ఆ చిన్న కాయ మాత్రం మేమే తీసుకుంటాం అయ్యగారూ, ఆరువందలకు," అని మార్తమ్మ వెళ్లి శ్రీశైలమ్మ పక్కన నిలబడింది. భర్త ఫోను కూడా తీసుకుని రవికెలో దోపుకుంది.

అప్పుడు జాకబ్ మెల్లగా దగ్గాడు.

"అయ్యగారూ... నేను గూడా."

"నువ్వు గూడా ఏంది?"

"పదిహేను వేలన్నా కదా. అది గూడా గుర్రం గురించే. ఆ పాట కొట్టేయండి."

"నీ ఫోను ఇంట్లో ఛార్జింగుకు పెట్టొచ్చినావు గదయ్యా!" అంది ఆడవాళ్ల వైపు నుంచి అతని భార్య.

కేథరిన్ తల వంచుకుని తనదీ గుర్రమేనంది. దావీదు తాత లేచి, తను రెండు గుర్రాల మీద కాశానని ఒప్పుకున్నాడు. వాళ్ల వెనక ఇంకా చేతులు లేస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నం మూడు గంటలయ్యేసరికి, ఆ మందిరంలో గుర్రప్పందేలాడే పాపుల సంఖ్య ఒకటి నుంచి పదకొండుకు పెరిగింది.