కూలిన కుర్చీలో అంతరార్థం

ఆ రోజు పొద్దున కథల మాస్టారి పథకం చాలా సాదాది. తొమ్మిదో తరగతిలో ఒక చిన్న కథ చదవాలి, పిల్లల చేత చర్చ చేయించాలి, వెనక కూర్చునే ఇన్‌స్పెక్టరు గారి చేత తల ఊపించాలి. ఆ తల ఊగితే, ఏళ్ల తరబడి ఊగిసలాడుతున్న తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది.

"ఇవాళైనా నోరు అదుపులో పెట్టుకోండి," అంది భార్య, ఇస్త్రీ చొక్కా అందిస్తూ.

"మాట్లాడేది నేను కాదే, పిల్లలు."

"అదే నా భయం."

మాస్టారికి మాత్రం ఏ భయమూ లేదు. పిల్లలకు ఆయన రెండే సూత్రాలు నూరిపోశారు. కథలో ఊరికే ఏదీ జరగదు. రాసినవాడు ఏమనుకున్నాడో మనకు అనవసరం. పిల్లలు ఎంత ఆరితేరారంటే, బడి గంట ఆలస్యంగా కొట్టినా అంతరార్థం వెతుకుతున్నారు.

ఇన్‌స్పెక్టరు గారు భారీ మనిషి. బెంచీ మీద కూర్చోబెడితే మర్యాదగా ఉండదని, హెడ్మాస్టరు స్టోరు గదిలోని పాత చేతుల కుర్చీ దులిపించి వేయించారు. మాస్టారు మొదటి వాక్యం చదివారో లేదో, వెనక ఫెళ్లుమంది. కుర్చీ కాలు ఒక పక్క, ఇన్‌స్పెక్టరు గారు ఒక పక్క.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఇది అధికార పతనం."

"కాద్సార్," అన్నాడు పక్కవాడు. "ఇన్నాళ్లూ బరువు మోసినవాళ్ల తిరుగుబాటు. కుర్చీ వైపు నుంచి చూడాలి."

మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. "ఒరేయ్, ఇది కథ కాదురా! ఆయన నిజంగానే పడ్డారు!"

"ఊరికే ఏదీ జరగదని మీరే అన్నారు కదండీ?"

"ఆయన కావాలని పడలేదమ్మా!"

"ఆయన ఏమనుకున్నారో మనకు అనవసరం సార్."

ఉద్యోగం గోవిందా అనుకుని మాస్టారు కళ్లు మూసుకున్నారు. అప్పుడు నేల మీద నుంచి ఒక గొంతు లేచింది.

"ఆగండి! పడ్డవాడి వైపు నుంచి ఒక్కరైనా చూశారా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. "పాపం, నమ్మి కూర్చున్నాడు. ఇది నమ్మకద్రోహం కథ."

"ఆధారం చూపించాలండీ," అంది ముందు బెంచీ అమ్మాయి.

"నా నడుమే ఆధారం!"

ఆయన లేవడం కూడా మర్చిపోయి, గంట కొట్టేదాకా పిల్లలతో నేల మీది నుంచే వాదించారు. చివరికి చేతులెత్తించి చూస్తే తిరుగుబాటే నెగ్గింది. ఓడిపోయిన ఇన్‌స్పెక్టరు గారు నడుం పట్టుకుని లేచి, మాస్టారి భుజం తట్టారు.

"ఇలాంటి చర్చ ఎక్కడా చూళ్లేదు మాస్టారూ. మీ ఉద్యోగం ఖాయం."

మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు నమ్మకద్రోహానికి సంజాయిషీ కోరుతూ హెడ్మాస్టరుకు ఇన్‌స్పెక్టరు గారి తాఖీదు వచ్చింది. కుర్చీ కాలు పుచ్చిందని ఆయన ఉన్నదున్నట్టు రాసి పంపితే, లోతు చాలలేదని తిప్పి పంపారు.